సముద్రగర్భములో నరగంట

మేము అక్కచెల్లెండ్రము మువ్వురము. పెద్దామె కాపురము కోదాడ, చిన్నదానిది మిర్యాలగూడ, నడిమివారమైన మేము సూర్యాపేటలో నుందుము. మా యింటివారు ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులు. ఈ మూడూళ్ళలో నే యూరికిని సముద్రము చేరువ కాదు. మాకు నీరనిన చెరువు, వ్యవసాయపు బావి, నాగార్జునసాగరపు ఎడమకాలువ. దీవి యనిన ఆ సాగరు జలాశయము నడుమనున్న నాగార్జునకొండ యొక్కటియే.

ఆ కొండకు చిన్ననాడు బడిపిల్లలతో కలిసి లాంచిలో పోయితిమి. 1955 డిసెంబరు 10వ తేదీన ఆనకట్టకు శంకుస్థాపన జరిగెననియు, 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడిచిరనియు, ఇక్ష్వాకు రాజుల విజయపురి యున్న లోయ జలాశయమున మునిగిపోయెననియు, మునుగకమున్నే స్తూపములను శిల్పములను త్రవ్వితీసి కొండమీదికి చేర్చిరనియు పంతులుగారు చెప్పిరి. మేము లాంచి యంచు పట్టుకొని వంగి, నీటి యడుగున వీథులు, ఇండ్లు కనబడునేమోయని చూచితిమి. పచ్చని నీరు తప్ప నేమియు కనబడలేదు. నీటి క్రింద నేమున్నదో చూడవలెనను కోరిక మాకు ఆనాడు పుట్టినది.

ఆ కోరికను చంపివేసిన సంగతి యొకటి పిమ్మట జరిగినది. మాకొక్కడే తమ్ముడు. ఇరువది మూడేండ్ల క్రిందట దసరా సెలవులలో, మా పుట్టినయూరి కాలువలో స్నానమునకు దిగి కొట్టుకొనిపోయెను. వాని కప్పుడు పండ్రెండేండ్లు. పదియేండ్ల మా చెల్లెలు వాని బట్టలు పట్టుకొని గట్టుమీద కూర్చుండి యుండెను. వాడు రెండుమారులు చేయెత్తెననియు, అది ఆటయనుకొని తాను నవ్వితిననియు ఆ దినమున చెప్పినది. మరల ఆమె నోట ఆ మాట మేము వినలేదు. ఆమెను తప్పుపట్టినవారు లేరు. పదియేండ్ల పిల్లను ఏమనగలరు? కాని నాటినుండి మా యమ్మ మమ్మును, మా పిల్లలను మోకాలిలోతు నీటిలో నైనను అడుగిడనీయలేదు. మా యింట ఆడువారికి గాని పిల్లలకు గాని ఈత రాదు. చెరువుకట్ట మీద పోవునప్పుడు బిడ్డల చేయి విడువము.

అటువంటి యింటివారము సముద్రములో మునుగబోవుట యెట్లు తటస్థించెనని యడుగుదురు. మా యక్క కూతురు పదియారేండ్లది. అండమాను దీవులలో ఈత రానివారిని గూడ గురువు చేయి పట్టుకొని సముద్రము అడుగునకు తీసికొనిపోయి పగడపు దిబ్బలను చూపుదురని తెలిసికొని, ఆ పిల్ల రెండేండ్లు మా వెంటబడినది. తుదకు మేము మువ్వురము చీటి కట్టితిమి. చీటి చేతికి వచ్చిన వేసవిలో మా యింటివారు తాముకూడ తోడు వచ్చెదమనిరి. అమ్మతో “అండమాను చూడబోవుచున్నా”మని మాత్రము చెప్పితిమి. అబద్ధమాడలేదు గాని నిజములో సగము దాచితిమి. ఆ సగము దారిపొడుగున మమ్ము పొడుచుచునే యుండెను.

ఏప్రిలు కడపటి వారమున బడులు మూసినారు. హైదరాబాదునుండి విమానము రెండు గంటలకు పైగా పోయినది. విశాఖపట్టణమునుండియు చెన్నపట్టణమునుండియు ఓడలుకూడ కలవు గాని, ఆ ప్రయాణమునకు సుమారు మూడు దినములు పట్టును. దిగిన పట్టణము పేరు మొన్నటివరకు పోర్టుబ్లెయిరు. 2024 సెప్టెంబరునుండి శ్రీవిజయపురము. నీట మునిగిన విజయపురిని చూడలేకపోయిన మాకు ఆ పేరు వినగానే లాంచియంచు జ్ఞాపకమునకు వచ్చినది.

పరాయిసీమకు వచ్చితిమని బెదరుచుండగా, కూరగాయల యంగడిలో తెలుగుమాట వినబడెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తీరములనుండి చేపల వేటకును కూలిపనులకును వచ్చి నిలిచిపోయినవారు ఇక్కడ వేలకొలది కలరు. 2011 జనాభా లెక్కలలో ఈ దీవులన్నిటి జనము 3,80,581. అందులో నూటికి సుమారు పదుముగ్గురు తెలుగువారు. మరునాడు 1906లో పూర్తియైన సెల్యులర్ జైలు చూచితిమి. దాని యేడు శాఖలలో నేడు మూడే నిలిచియున్నవి. ఆ కట్టడమునకు ఎంతో ముందే, 1857 జూలై 17వ తేదీన హైదరాబాదు రెసిడెన్సీమీద దాడికి ముందునడచిన మౌల్వీ అల్లాఉద్దీనును ఈ దీవులకు పంపిరి. ఆయన మరల హైదరాబాదు చూడలేదు. కాలాపానీ యని పేరుపడిన యీ నీటిని దాటుట యానాడు శిక్ష. మేము చీటి కట్టి, పచ్చళ్ళు మూటగట్టి వచ్చితిమి.

అక్కడినుండి ఓడమీద ఈశాన్యముగా సుమారు 40 కిలోమీటర్లు పోయినచో నొక దీవి. సిపాయీల తిరుగుబాటు నాటి ఆంగ్ల సేనాని పేర దీనిని హేవ్‌లాకు అనెడివారు. 2018 డిసెంబరు 30వ తేదీన స్వరాజ్‌ద్వీప్ అని పేరు మార్చిరి. దేశ విభజనానంతరము తూర్పు బెంగాలునుండి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబములకు ఇక్కడ భూములిచ్చిరి. గోవిందనగరము, రాధానగరము, కృష్ణానగరము, శ్యామనగరము, విజయనగరము అని పల్లెల పేర్లు. పోకతోటలు, కొబ్బరితోటలు, వాకిట తులసికోటలు. ఊరు దాటగానే మనము పటములలో చూచు నీలపు సముద్రము. సంధ్య అయిదున్నరకే వాలును. తెల్లవారుటయు అట్లే త్వరగా నగును.

సముద్రములో దింపువారి యొద్దకు పోగా మొదట నొక కాగితము నిచ్చిరి. గుండెజబ్బు, ఉబ్బసము, మూర్ఛ, చెవిపోటు కలవా? గర్భవతులా? ఇవి గలవారిని వైద్యుని యనుమతి లేక దింపరు. గర్భవతులను దింపనే దింపరు. ఒక్క ప్రశ్నకైనను బొంకవద్దని యీ పత్రిక చదువు సోదరీమణులకు మా మనవి. మాకు నేర్పవచ్చిన పిల్లవాడు తెలుగువాడే. వాని తాతగారు శ్రీకాకుళపు తీరమునుండి వచ్చినవారట. “భయపడకండమ్మా, ఈత రాకపోయినా పరవాలేదు. నేను చెప్పిన మూడు మాటలు మరచిపోకండి” అనెను.

ఆ మూడు మాటలు చెప్పుటకు ముందు దుస్తుల సంగతి చెప్పవలెను. చీరతో దిగుటకు వీలులేదు. ఒంటికి అంటుకొను మందపు రబ్బరు దుస్తు వేసికొనవలెను. చలినుండియు గీతలనుండియు అది కాపాడును. మేము లోపల నిండుచేతుల బిగుతుబట్టలు తొడిగికొని, పుస్తెలతాడును నల్లపూసలను దుస్తు లోపలికి చేర్చి, మెడవరకు మూసికొంటిమి. నడుమునకు వడ్డాణమువలె సీసపుబిళ్ళల పట్టీ, వీపున గాలిసీసా, కాళ్ళకు బాతుకాళ్ళవంటి జోళ్ళు. మా మేనకోడలు మమ్ము చూచి కన్నుల నీరువచ్చునట్లు నవ్వినది. మా యింటివారు గంభీరముగా నుండుటకు ప్రయత్నించిరి గాని వారివల్ల కాలేదు.

సీసాలో నుండునది ప్రాణవాయువని చాలమంది యనుకొందురు. అది మనము పీల్చు సామాన్యపు గాలియే. అణచి అణచి నింపుదురు. 1943లో ఫ్రాన్సుదేశమున జాక్ కూస్తో, ఎమిల్ గాన్యా అను వారిద్దరు, మనిషి ఏ లోతులో నుండునో ఆ లోతున నీటి యొత్తిడికి సరిపోవునట్లు, పీల్చినప్పుడు మాత్రమే గాలినిచ్చు పరికరమును కూర్చిరి. పది మీటర్ల లోతునకు పోవుసరికి మనమీది యొత్తిడి గట్టుమీదిదానికి రెండింతలగును. అందుచేత మొదటిమాట: ఊపిరి ఎన్నడును బిగబట్టరాదు. లోతున పీల్చిన గాలి, పైకి వచ్చుకొలది ఉబ్బును; బిగబట్టినచో ఊపిరితిత్తులకు హాని. రెండవమాట: దిగుచున్నప్పుడు ముక్కు మూసికొని మెల్లగా లోపలికి ఊది చెవులను తేర్చుకొనవలెను; నొప్పి వచ్చిన ఆగవలెను. మూడవమాట సంజ్ఞలు. నీటిలో మాట లేదు. బొటనవ్రేలును చూపుడువ్రేలును కలిపి సున్న చుట్టిన “క్షేమమే” యని యర్థము. బొటనవ్రేలు పైకెత్తిన “పైకి పోవలె”నని.

“నీళ్ళమీద ఉండి చెయ్యి పైకెత్తి ఊపితే, ఆపదలో ఉన్నానని. అప్పుడు ఎవరైనా వెంటనే సాయం చెయ్యాలి” అని యా పిల్లవాడు చేయెత్తి చూపెను.

మా చెల్లెలి మొగము తెల్లబారినది. కొంతసేపటికి, “ఇది అందరికి తెలుస్తదా?” అని యడిగినది.

“నేర్పితేనే తెలుస్తుందమ్మా” అని వాడు తన పనిలో పడెను. వానికేమి తెలియును? మేము అక్కచెల్లెండ్రము ఒకరి మొగమొకరు చూచుకొనలేదు.

మొదట నడుములోతు నీటిలో మోకరించి, మొగము ముంచి, నోటితో పీల్చుట నేర్చుకొనవలెను. భారతమున దుర్యోధనుడు జలస్తంభనవిద్యచే మడుగున దాగిన కథయు, ఉలూచి అర్జునుని గంగలోనుండి నాగలోకమునకు గొనిపోయిన కథయు చిన్ననాడు తాతగారియొద్ద చదివితిమి. ఆ చదువేదియు ఇక్కడ అక్కరకు రాలేదు. ముక్కునకు నీరు తగులగానే గుండె కొట్టుకొన్నది; నోటిలోని గొట్టమును ఊడబెరికికొని లేచి నిలిచితిమి. రెండవమారు అంతే. మూడవమారు కన్నులు మూయగానే కాలువగట్టున మడతపెట్టియున్న చిన్నచొక్కా కనబడెను. “మావల్ల కాదు” అంటిమి. అక్క అంతకుముందే దిగనని చెప్పి, చెట్టునీడను మా యింటివారి గడియారము పట్టుకొని కూర్చుండెను. ఆమెను ఎవ్వరును బలవంతపెట్టలేదు. ఇట్టి పనికి బలవంతము తగదు.

అప్పుడు మా చెల్లెలు “నేను పోత” ననెను. మువ్వురిలో మిక్కిలి భయపడునది యామెయే యని మేమెల్లప్పుడు తలచితిమి. ఒక్కమారు మొగము ముంచినది, మరి లేవలేదు. నీటిమీద బుడగలు వరుసగా వచ్చుచుండెను. అవి వచ్చుచున్నంతసేపు ఊపిరి ఆడుచున్నట్లే గదా! ఆ బుడగలను చూచుచు చూచుచు మాకు ధైర్యము కుదిరినది. నాలుగవమారు మేమును లేవలేదు.

మాకిద్దరకు నొక్కొక్క గురువు, మేనకోడలికి మరియొకరు చేయిపట్టుకొని లోతునకు తీసికొనిపోయిరి. చెవులు నొచ్చిన చోటనెల్ల ఆగి, ముక్కు మూసి ఊది, మరల దిగితిమి. ఎనిమిది మీటర్లవరకు పోయితిమని పిమ్మట చెప్పిరి. మా యూరి వ్యవసాయపు బావియంత లోతు. తల తిప్పి పైకి చూచితిమి. నీటి కప్పుమీద సూర్యుడు వెండిపళ్ళెమువలె కదలుచుండెను. చెవులకు మా యూపిరి తప్ప నేమియు వినబడదు. లోనికి తీసిన బుస, విడిచిన బుడబుడ. ఇరువది మూడేండ్లుగా మేము నీటిని గూర్చి తలచినదంతయు ఊపిరి ఆగిపోవుటయే. ఇక్కడ ఊపిరి తప్ప వేరు తలపే లేదు.

ఇక చూచినవి చెప్పెదము. పగడము రాయియు కాదు, చెట్టును కాదు; మిక్కిలి చిన్న ప్రాణులు కోటానుకోట్లు సున్నపుగూళ్ళు కట్టుకొని వేలయేండ్లు పెంచిన కట్టడము. ఒకటి జింకకొమ్ములవలె, ఒకటి మెదడువలె, ఒకటి బోర్లించిన గంపవలె నున్నది. ఆ ప్రాణుల దేహములలో సూక్ష్మమైన నాచు కాపురముండి వానికి ఆహారమును రంగును ఇచ్చును. సముద్రపు నీరు మితిమీరి కాగినచో నాచు వెడలిపోయి పగడము సున్నమువలె తెల్లబడును. ఆ వేడి నిలిచిపోయిన చచ్చును. 2010లో ఈ దీవుల పగడములు అట్లు చాలవరకు తెల్లబడినవి. మేము చూచినదానిలోను చచ్చిన తావులు, క్రొత్తగా మొలచుచున్న తావులు ప్రక్కప్రక్కనే యున్నవి.

ఊగుచున్న కుచ్చువంటి ప్రాణి యొకటి. దాని నడుమ నారింజరంగు చారల చేపలు. ఆ కుచ్చు తగిలిన ఇతర చేపలకు విషము. వీనికి మాత్రము ఇల్లు. ఆ యింటికి పెద్ద ఆడుచేపయట! ఆమె పోయినచో, ఆమె పెనిమిటియైన మగచేపయే ఆడుదై యిల్లు నడుపునట. దీనిని విని మా యక్క, “అట్లయిన వంటపని తెలిసివచ్చును” అని పిమ్మట నవ్వినది. చిలుకముక్కు వంటి మూతిగల చేపలు పగడపు రాతిని కొరికి నమలి యిసుకగా విడుచును. ఆ తీరమున మనము నడచు తెల్లని యిసుకలో వాని చేతిపని చాలగలదు.

మేనకోడలి చేతులకు గోరింటాకు ఎర్రగా పండియుండెను. అడుగున నది మాసిన గోధుమరంగుగా కనబడెను. ఎరుపును నీరు అన్నిటికంటె ముందు మ్రింగివేయును. వస్తువులు ఉన్నదానికంటె పెద్దవిగను, దగ్గరగను తోచును. కొంతదూరమున ఇసుకమీద మోకరించి మా చెల్లెలు చేయి చాచినది. వ్రేళ్ళు సున్న చుట్టి చూపినది: క్షేమమే. మేమును చుట్టి చూపితిమి. అద్దపు తొడుగులో కన్నీరు తుడుచుకొనుటకు వీలులేదని మాకప్పుడు తెలిసినది.

దేనిని ముట్టవద్దని గురువు ముందే చెప్పెను. వ్రేలు తగిలినను ఆ ప్రాణులకు గాయమే. ఈ పగడములను, చచ్చినవైనను, ఏరి యింటికి తెచ్చుట వన్యప్రాణి రక్షణ చట్టముచే నేరము. మన తాళిలో గుచ్చు ఎర్రపగడము వేరు. అది చాలవరకు మధ్యధరా సముద్రమునుండి వచ్చునది. కావున తీరమున నెవరైన అమ్మజూపినను కొనకుడు.

ముప్పది నిమిషములని అక్క గడియారము చూచి చెప్పినది. ఒడ్డున మా చెల్లెలు తలనుండి నీరు కారుచుండగా చాలసేపు మాటలాడలేదు. తుదకు, “అక్కా, నీళ్ళది తప్పు లేదే. మనకు తెల్వకపోయె. అంతే” అనెను. అక్క ఆమె తలను తన కొంగుతో తుడిచినది. ఇరువది మూడేండ్ల తరువాత తమ్ముని పేరు మా మువ్వురి నడుమ పైకి వచ్చినది ఆ రాత్రియే. వాడు మామిడికాయ దొంగిలించిన సంగతి, లెక్కలలో సున్న తెచ్చుకొని దానికి తోక తగిలించి తొమ్మిది చేసిన సంగతి చెప్పుకొని నవ్వితిమి, ఏడ్చితిమి.

మా యింటివారు ఆ రాత్రి కొరియాదేశపు జేజూ దీవిలోని స్త్రీలను గూర్చి చెప్పిరి. హేన్యో అని వారికి పేరు. గాలిసీసా లేకయే, ఊపిరి పట్టి సముద్రమున మునిగి, నత్తలను నాచును ఏరి తెచ్చి సంసారము నడుపుదురు. బాలికలకు పెద్దవారు నేర్పుదురు. అరువదేండ్లు దాటినవారును మునుగుదురు. 2016లో యునెస్కో వారు ఈ స్త్రీల విద్యను మానవజాతి వారసత్వములలో చేర్చిరి. తల్లులు కూతుండ్రకు నీటిని నేర్పు సీమ యొకటి కలదని వినుట మాకు క్రొత్త.

మునిగినవారు వెంటనే విమానమెక్కరాదు. పదునెనిమిది గంటలైనను ఆగవలెను. రెండు దినములు నిలిచి యింటికి వచ్చితిమి. దాచిన సగము చెప్పుటకు మువ్వురము కలిసి అమ్మయొద్దకు పోయితిమి. చెల్లెలే చెప్పినది. అమ్మ కోపపడలేదు. చాలసేపు బియ్యములోని రాళ్ళు ఏరుచు ఊరకుండెను. పిమ్మట తలయెత్తకయే, “వానికి నీళ్ళల్ల ఊపిరాడలే గద బిడ్డా. మీకెట్ల ఆడింది?” అనెను.

మేము ఉత్తరము వెదకుచుండగా చెల్లెలు, “నేర్పిండ్రమ్మా. చెయ్యి పట్టుకొని నేర్పిండ్రు. వానికి ఎవ్వలు నేర్పలే. నాకు గూడ” అని అమ్మ ఒడిలో తలపెట్టినది. చేయెత్తిన సంగతియు, తాను నవ్విన సంగతియు నాడు రెండవమారు చెప్పినది. అమ్మ ఆమె వీపు నిమురుచు, “నీకు పదేండ్లే గదనే” అని మాత్ర మనెను. ఆ మాట ఇన్నియేండ్లు ఎదురుచూచినదని మాకప్పుడు తెలిసెను.

సోదరీమణులారా, అండమానునకు పొండని చెప్పుటకు మే మిది వ్రాయలేదు. వీలైనవారు పోవచ్చును, చీటి కట్టియైనను. మన సీమలో ప్రతి యూరికిని చెరువో, బావియో, కాలువయో కలదు. నీళ్ళు మోయుట మనకు నేర్పిరి గాని నీటిలో తేలుట నేర్పలేదు. మగపిల్లలు వేసవిలో బావులలో తమంతట నేర్చుకొందురు. నేర్చుకొనలేనివారు మా తమ్మునివలె పోవుదురు. ఆడుపిల్లలు గట్టున బట్టలు పట్టుకొని కూర్చుందురు. పెద్దవారు దగ్గరనుండి ఇద్దరకును నేర్పవలెను. పారు కాలువలో దింపరాదు. నిలుకడ నీటిలో, ఈత బాగుగ వచ్చినవారు ప్రక్కనుండగా నేర్పవలెను. చేయెత్తి ఊపిన ఆపదయని గట్టునున్న బిడ్డకును చెప్పవలెను. ఎవరైన మునుగుచున్నచో ఈత రానివారు దూకక, చీరయో త్రాడో వెదురుగడయో అందించి కేకలు వేయవలెను.

ఆ మే నెలలోనే మా బావగారి చేని బావిలో మా పిల్లలకు ఈత మొదలుపెట్టితిమి. బావగారు చిన్ననాట నేర్చినవారు. ఆయన నీటిలో నిలిచి యుందురు. పిల్లల నడుములకు బెండ్లు కట్టి, త్రాడు గట్టున పట్టుకొందుము. మొదటి రెండు దినములు అమ్మ రాలేదు. మూడవనాడు వచ్చి, మా చెల్లెలి కూతురి నడుమునకు త్రాడు తానే చుట్టి, ముడి వేసి, లాగి చూచినది. విప్పి మరల వేసినది. మూడవమారు ముడి బిగించి, “ఇగ దిగు బిడ్డా” అని త్రాడు కొస తన చేతికి చుట్టుకొని గట్టున కూర్చుండినది.